అడుగునీటి లెక్క

చేపల వేట నిషేధం ముగిసే ముందు రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బరులో ఒక విచిత్రం చూడవచ్చు. రెండు నెలలు ఒడ్డున ఉండి, మరమ్మతులు చేయించుకుని, రంగులు పూయించుకుని, కొబ్బరికాయ కొట్టించుకుని నీళ్ళలోకి దిగిన చెక్క బోటు ఆ రాత్రే కారడం మొదలుపెడుతుంది. పని చెడిందని కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల నిషేధ కాలం సరిగ్గా మన ఎండలు మండే కాలం. ఆ ఎండకు పలక ముడుచుకుంటుంది, పలకకూ పలకకూ మధ్య సందు విచ్చుకుంటుంది. నీళ్ళలో పడ్డాక కలప మళ్ళీ ఊరి, ఉబ్బి, ఆ సందును తానే మూసుకోవాలి. దానికి ఒక రాత్రి పట్టవచ్చు, రెండు మూడు రోజులూ పట్టవచ్చు. అందాకా ఎవరో ఒకరు బోటులోనే పడుకుని, గంటకోసారి లేచి నీళ్ళు తోడాలి. ఒకసారి అలా కాపలా ఉన్న పెద్దాయన్ని "కొత్తగా బాగుచేయించారు కదా, ఈ నీళ్ళేమిటి?" అని అడిగాను. "ఇంకా ఊరనేదు బాబూ. దాహం తీరితే అదే మానుద్ది" అన్నాడు.

పడవలోకి నీరు చేరకుండా చూసుకోవడం ఎలా అన్న ప్రశ్నకు ఇవాళ దొరికే సమాధానాల్లో ఎక్కువ భాగం పరాయి దేశాల తెరచాప పడవల యజమానుల కోసం రాసినవి. ఏ పంపు కొనాలి, ఏ జిగురు పూయాలి, ఏ అలారం బిగించాలి అన్నదే వాటి ధ్యాస. అందులో తప్పేమీ లేదు. కానీ విశాఖ తీరం ఈ ప్రశ్నతో చాలాకాలంగా కాపురం చేస్తోంది. నీటిని పైనుంచి రానిచ్చి కిందికి పోనిచ్చే తెప్ప, వచ్చిన నీటిని తోడుకుంటూ సాగే కుట్టుపడవ, చుక్క కూడా రానివ్వనని మొండికేసే ఫైబర్ బోటు, ఒక గదిలోకి వచ్చినా పక్క గదికి పోనివ్వని జలాంతర్గామి, అన్నీ ఈ ఒక్క ఊరు చూసింది. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ముందే చెప్పేస్తాను. మనం పంపును నమ్ముకున్నంతగా అడ్డగోడలనూ, నిండినా తేలే గుణాన్నీ నమ్ముకోవడం లేదు.

తెప్పతో మొదలుపెడదాం. దానికి కారే జబ్బే లేదు, ఎందుకంటే దానికి పొట్టే లేదు. తేలిక కలప దుంగలను చెక్కి, పక్కపక్కన చేర్చి తాళ్ళతో బిగించి కడితే అదే పడవ. అల మీద పడుతుంది, దుంగల సందుల్లోంచి దిగిపోతుంది. మనిషి తడుస్తాడు, తెప్ప మాత్రం మునగదు. దాని చిక్కు వేరు. దుంగ నీరు పీల్చి రోజురోజుకూ బరువెక్కుతుంది. అందుకే ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, దుంగలను ఇసుక మీద ఎండబెట్టేవారు. ఆ ఎండబెట్టడంలో ఇంకో మేలు కూడా ఉంది, దాని సంగతి తర్వాత.

కుట్టుపడవ కథ ఇంకా చిత్రం. ఇంగ్లీషువాళ్ళ రికార్డుల్లో మాసులా పడవగా కనిపించేది ఇదే. పలకలను మేకులతో కాకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు, కుట్టు కింద నారో గడ్డో దట్టించేవారు. మేకులతో బిగించిన గట్టి పడవ మన తీరపు కెరటంలో ఒడ్డుకు కొట్టుకుంటే పలక పగులుతుంది. కుట్టుపడవ బుట్టలా వంగి, మళ్ళీ సర్దుకుంటుంది. 1933లో విశాఖ రేవు తెరుచుకునే దాకా ఓడలు దూరంగా లంగరేసి నిలబడితే, సరుకూ మనుషులూ ఒడ్డుకు చేరింది ఇలాంటి పడవల్లోనే. కుట్టు వంగుతుంది కాబట్టి నీరు కారుతుంది. అది లోపమని ఎవరూ అనుకోలేదు. తోడే మనిషి ఒకడు తెడ్డు వేసేవాళ్ళలాగే పడవ సిబ్బందిలో భాగం. దీన్ని వెనుకబాటుతనంగా రాసిన పాత యాత్రికులున్నారు. నాకు మాత్రం ఇది చాలా తెలివైన బేరంగానే కనిపిస్తుంది: చిన్న కారుడును ఒప్పుకుని, పెద్ద పగులును తప్పించుకున్నారు.

పలకలను మేకులతో కొట్టి కట్టే బోట్లు వచ్చాక ఆ బేరం చెల్లకుండా పోయింది. లోపల ఇంజను ఉంది, ఐసు ఉంది, వారాల తరబడి సముద్రంలో ఉండాల్సిన అవసరం ఉంది. ఇక సందుల్లో నూలో నారో ఉలితో కూరి, పైన గుగ్గిలం నూనెలో మరిగించి పూయడమే మార్గం అయింది. ఈ పనికి చేతివాటం కావాలి. తక్కువ కూరితే కారుతుంది. ఎక్కువ కూరితే పలక ఊరి ఉబ్బినప్పుడు చోటు చాలక, మేకులనే వదులు చేస్తుంది. ఆ మేకులు ఇనుపవైతే వాటి చుట్టూ కలప నల్లబడి మెత్తబడుతుంది. పైనుంచి చూస్తే మేకు తల మాత్రమే కనిపిస్తుంది, కింద పట్టు ఎప్పుడో పోయి ఉంటుంది. సందుల్లో కారే నీటిని అందరూ చూస్తారు గానీ, మేకుల వెంట కారే నీటిని ముసలి వడ్రంగులు మాత్రమే అనుమానిస్తారు.

వీటన్నిటికంటే దొంగదెబ్బ తీసేది పురుగు. నిజానికి అది పురుగు కాదు, ఆల్చిప్పల జాతి జీవి. టెరిడో అంటారు. పిల్లగా ఉన్నప్పుడు గుండుసూది తలంత కూడా ఉండదు. అంతే రంధ్రం చేసి కలపలోకి దూరుతుంది, లోపల పెరుగుతూ పీచు వెంట సొరంగం తవ్వుకుంటూ పోతుంది. పలక పైన సూది బెజ్జం, లోపల వేలెడు లావు గొట్టాలు. కలప నున్నగానే కనిపిస్తుంది, ఒక రోజు బూటుకాలికి లోపలికి పోతుంది. దీనికి తోడు మార్టీసియా అనే ఇంకో తొలిచే ఆల్చిప్ప, స్ఫిరోమా అనే చిన్న రొయ్యజాతి జీవి. వీటి మీద పని చేయడంలో విశాఖకు గట్టి చరిత్ర ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య పి.ఎన్. గణపతి, ఆర్. నాగభూషణం వంటివారు 1950లలోనే ఇక్కడి రేవులో కలప తొలిచే జీవుల బతుకునూ, సంతానోత్పత్తి కాలాలనూ నమోదు చేశారు. తర్వాత కలప శిథిలతను పరిశోధించే ప్రత్యేక కేంద్రం ఇక్కడే వెలిసింది. పద్ధతి చూడటానికి చాలా మామూలు: రకరకాల కలప ముక్కలను తాడుకు కట్టి రేవు నీళ్ళలో వేలాడదీయడం, నెలల తర్వాత తీసి చీల్చి చూడటం. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు ఒత్తిడితో ఎక్కించిన కలప ఎంత నిలుస్తుందో, ఏ జాతి చెట్టు తొందరగా లొంగిపోతుందో తేల్చింది ఇలాంటి వేలాడే ముక్కలే. తెప్ప దుంగలకు కూడా ఈ మందు ఎక్కించే ప్రయత్నాలు జరిగాయి. తెప్పను ఇసుక మీద ఎండబెట్టడంలో ఇంకో మేలు ఉందన్నది ఇదే. ఎండలో కలపతోపాటు లోపలి జీవి కూడా ఎండిపోతుంది. మందు లేని కాలంలో జాలరికి దొరికిన మందు ఎండ.

ఓడ అడుగుకు రాగిరేకు తొడగడం బ్రిటిష్ నౌకాదళం 1761లో "అలారం" అనే ఓడ మీద మొదలుపెట్టింది. పురుగు బెడద తగ్గింది. కానీ రాగి, ఇనుము ఉప్పునీళ్ళలో కలిసి ఉంటే ఇనుము కరిగిపోతుందని అప్పుడే తెలిసొచ్చింది. రేకును పట్టి ఉంచిన ఇనుప మేకులు తినేసినట్టు మాయమయ్యాయి. 1824లో హంఫ్రీ డేవీ రాగికి కాపలాగా ఇనుము, జింకు ముక్కలు పెట్టి, మంచి లోహం బదులు అవి కరిగేలా చేసి చూపించాడు. ఇవాళ ఇనుప ఓడలకూ, బోట్ల ప్రొపెల్లర్ షాఫ్టులకూ బిగించే జింకు దిమ్మ ఆ ఆలోచన కొడుకే. జింకును కరిగించిన ఫ్యాక్టరీ ఒకప్పుడు మన ఊళ్ళోనే ఉండేది. అయినా సగం కరిగిన జింకు దిమ్మకు రంగు పూసి "బాగుంది" అనుకునేవాళ్ళు హార్బరులో ఇప్పటికీ కనిపిస్తారు. రంగు పూస్తే అది పనిచేయదు. కరగడమే దాని ఉద్యోగం.

ఇప్పుడు ఫైబర్. పాత చెక్క బోటు మీద ఫైబర్ పొర ఎక్కించడం మన తీరంలో మామూలు అయింది. సందులు, మేకులు, పురుగు మూడింటికీ ఒకే దెబ్బ అన్నది ఆశ. ఎండిన, గట్టి కలప మీద జాగ్రత్తగా వేస్తే ఆ ఆశ నెరవేరుతుంది. తడి కలప మీదో, ఇప్పటికే మెత్తబడిన పలక మీదో వేస్తే లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోయి, పైకి మెరుస్తూ లోపల కుళ్ళుతుంది. అంతకంటే ముఖ్యంగా పొర ఒక చోట చిట్లితే, నీరు అక్కడే రాదు. పొరకూ పలకకూ మధ్య పాకి, ఇంకెక్కడో లోపలికి దిగుతుంది. కారే చోటు ఒకటి, కనిపించే చోటు ఒకటి. పూర్తి ఫైబర్ పడవల్లోనూ ఇదే చిక్కు. డెక్ పైనున్న ఒక బోల్టు దగ్గర దిగిన నీరు రెండు మీటర్ల అవతల మంచం కింద తేలుతుంది.

ఫైబర్ తెచ్చిన అసలు మేలు వేరే ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. 1979లో మొదలైన బంగాళాఖాతం మత్స్య కార్యక్రమం కింద కెరటాల్లోంచి ఒడ్డుకు దింపగల కొత్త పడవలకు రూపకల్పన జరిగింది. ఆ తర్వాత, ముఖ్యంగా 2004 సునామీ అనంతరం, ఫైబర్ తెప్పలు మన ఒడ్డంతా పరుచుకున్నాయి. వీటిలో లోపల నురుగు నింపి మూసేసిన అరలు ఉంటాయి. పడవ నిండా నీళ్ళు వచ్చినా అది మునిగిపోదు, తేలుతూ ఉంటుంది. పాత తెప్ప బుద్ధే కొత్త చర్మంలో తిరిగి వచ్చిందన్నమాట. ఈ ఒక్క గుణానికి నేను ఎన్ని పంపులైనా వదులుకుంటాను. ఒక షరతు: ఆ అర మూతలు బిగువుగా ఉండాలి, నురుగు తడిసి బరువెక్కకూడదు. అరకు రంధ్రం పెట్టి వైరు లాగినవాడు తన తెప్పను తానే మామూలు పడవగా మార్చుకున్నట్టు.

రంధ్రాల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. పడవలోకి వచ్చే నీటిలో ఎక్కువ భాగం సముద్రం పొడిచిన రంధ్రాల నుంచి రాదు, మనం కోరి పెట్టుకున్న రంధ్రాల నుంచి వస్తుంది. ఇంజను చల్లబరచడానికి నీరు పీల్చే గొట్టం, మరుగుదొడ్డి గొట్టాలు, సింకు గొట్టం, డెక్ నీరు బయటికి పోయే గొట్టాలు, షాఫ్టు బయటికి వెళ్ళే చోటు, చుక్కాని కడ్డీ దిగే చోటు. ఒక మోస్తరు తెరచాప పడవకు నీటిమట్టం కింద ఇలాంటివి అరడజను దాకా ఉంటాయి. ప్రతి దానికీ ఒక వాల్వు, సీకాక్. అది మూసుకోవాల్సిన రోజునే బిగుసుకుపోయి ఉంటుంది, ఎందుకంటే మిగతా రోజుల్లో ఎవరూ తిప్పి ఉండరు. ఇత్తడి సీకాక్ ఇంకో ప్రమాదం. ఉప్పునీరు ఇత్తడిలోని జింకును లాగేసి, రాగిని స్పాంజిలా మిగులుస్తుంది. గీసి చూస్తే పసుపు బదులు గులాబీ రంగు కనిపిస్తుంది. అలాంటిది చేత్తో గట్టిగా తిప్పితే చేతికి వచ్చేస్తుంది. కంచుకు ఈ జబ్బు రాదు. షాపులో రెండూ ఒకేలా మెరుస్తాయి, ధరలో మాత్రం తేడా తెలుస్తుంది.

షాఫ్టు దగ్గర నీటిని ఆపే గ్లాండ్ మీద మెకానిక్కుకో మాట, యజమానికో మాట ఉంటుంది. పాత పద్ధతి గ్లాండులో గ్రీజు పట్టించిన తాడు చుట్టలు షాఫ్టు చుట్టూ బిగించి ఉంటాయి. ఇంజను నడిచేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారాలి. ఆ చుక్కలే దాన్ని చల్లగా ఉంచుతాయి. ఇంజను ఆపితే కారకూడదు, కారినా చుక్కా చుక్కా మాత్రమే. నీళ్ళు చూసి భయపడి పూర్తిగా ఆగేదాకా బిగించేవాడు తాడును కాల్చేస్తాడు, షాఫ్టును గీరేస్తాడు. ఆ తర్వాత అది ఆగమన్నా ఆగదు. కుట్టుపడవ నేర్పిన పాఠం ఇక్కడా పనికొస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం, ఇంటర్ చదివిన ఎవరైనా కాగితం మీద సరిచూసుకోవచ్చు. నీటిమట్టానికి అరమీటరు కింద 25 మిల్లీమీటర్ల రంధ్రం, అంటే అంగుళం గొట్టం ఊడిపోయిన చోటు, ఉందనుకోండి. నీరు సెకనుకు దాదాపు మూడు మీటర్ల వేగంతో చిమ్ముతుంది. ధార సన్నబడటం వగైరా తీసేసినా నిమిషానికి సుమారు 55 లీటర్లు. పది లీటర్ల బకెట్లు ఐదున్నర. గంటకు మూడు టన్నుల పైమాట. రంధ్రం రెండింతలు వెడల్పైతే నీరు నాలుగింతలు, అంటే నిమిషానికి 220 లీటర్లు. అదే లోతు నాలుగింతలైతే నీరు రెండింతలే. దీన్ని బట్టి ఎంత కింద ఉందన్న దానికంటే ఎంత వెడల్పు అన్నదే పెద్ద ప్రశ్న. రంధ్రాన్ని సగం మూయగలిగితే సగం గెలిచినట్టే. చేతికందిన గుడ్డ, దిండు, చివరికి ఒక బంగాళాదుంప కూడా ఆ సగం పని చేస్తుంది.

పంపు సంగతి ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. చిన్న పడవల్లో "పెద్దది" అని అమ్మే కరెంటు పంపు మీద గంటకు 1,100 గ్యాలన్లు అని రాసి ఉంటుంది. అమెరికా గ్యాలన్ల లెక్కన నిమిషానికి 69 లీటర్లు. అది టేబుల్ మీద, గొట్టం లేకుండా, బ్యాటరీ నిండుగా ఉన్నప్పటి మాట. నీటిని మీటరు పైకి ఎత్తి, వంపులు తిరిగిన గొట్టంలోంచి, సగం దిగిన బ్యాటరీతో తోడేసరికి దాదాపు సగానికి పడిపోవడం మామూలే. అంటే అంగుళం రంధ్రంతోనే అది ఓడిపోతుంది. పంపు ఇచ్చేది కాసేపు సమయం. ఆ సమయంలో రంధ్రం ఎక్కడుందో వెతికి మూయాలి. నేల పలకలు తేలిపోయాక, చీకట్లో, మోకాలి లోతు నీళ్ళలో రంధ్రం వెతకడం ఎంత కష్టమో ఒకసారి ఊహించుకుంటే చాలు, పడవలోని ప్రతి రంధ్రాన్నీ గుర్తిస్తూ ఒక బొమ్మ గీసి గోడకు అంటించే పని వెంటనే చేస్తారు.

మన వేటబోట్లలో ఇంకో మెలిక. చాలావాటిలో నీళ్ళు తోడే పంపు ఇంజనుకే బెల్టుతో తగిలించి ఉంటుంది. ఇంజను నడిచినంతసేపు దానిలో కరెంటు పంపులకు లేని శక్తి ఉంటుంది. కానీ ఇంజను గదిలోకే నీరు చేరి, బెల్టు తడిసి జారడమో, ఇంజను ఆగడమో జరిగిందంటే ప్రొపెల్లరూ పంపూ ఒకే క్షణంలో పోతాయి. చేత్తో కొట్టే పంపు ఒకటి, డెక్ మీద నిలబడి అందుకునేలా, వేరుగా ఉండాలన్నది అందుకే. భయపడిన మనిషి చేతిలోని బకెట్టును మించిన పంపు లేదని నావికులు సరదాగా అంటారు. సరదా మాటే, కానీ బకెట్టు దొరకని పడవలు చాలా చూశాను.

నీరు ఎంత చేరితే ప్రమాదం? మునగడానికి చాలినంత చేరనవసరం లేదు. పళ్ళెంలో నీళ్ళు పోసి నడిచి చూడండి. కొంచెం వంచితే నీరంతా ఒక వైపుకు పరుగెత్తి, ఆ వంపును ఇంకా పెంచుతుంది. పడవ అడుగున అడ్డూ ఆపూ లేకుండా అటూ ఇటూ పరుగెత్తే నీరు చేసేది ఇదే. పడవ నిండి మునగదు, ముందే పక్కకు ఒరిగి తిరగబడుతుంది. అడ్డగోడలు కావాలనేది అందుకే.

ఆ గోడలు ఎలా ఉండాలో చూడాలంటే ఆర్కే బీచికి వెళ్ళండి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో సెలవు తీసుకున్న ఐఎన్ఎస్ కుర్సురా 2002 ఆగస్టు నుంచి అక్కడ మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల ఆ జలాంతర్గామిని లోపల ఏడు గదులుగా విడగొట్టారు. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళడానికి గుండ్రటి కంతలోంచి తల వంచి, కాలెత్తి దూరాలి. పిల్లలకు అది ఆట, పెద్దలకు నడుంనొప్పి. ఆ కంత అంత చిన్నగా ఉండటానికి ఒక కారణం ఇది: దాని ఉక్కు తలుపు ఒక్క మనిషి క్షణంలో మూసి బిగించగలగాలి. గోడ పైదాకా ఉండటం కూడా ముఖ్యమే. 1912లో టైటానిక్‌కు అడ్డగోడలు ఉన్నాయి, కానీ అవి తగినంత ఎత్తు లేవు. ముక్కు వంగిన కొద్దీ ఒక గది నిండి గోడ మీదుగా పక్క గదిలోకి పొర్లింది. మన చెక్క బోట్లలో ఇంజను గదికీ చేపల గదికీ మధ్య ఉండే పలక గోడ చాలాచోట్ల ఆ మాత్రం కూడా కాదు. పైపుల కోసం, వైర్ల కోసం, నీరు ఒకే చోట చేరడానికి వీలుగా కింద రంధ్రాలు పెట్టుకుని దాన్ని జల్లెడ చేస్తాం.

గదిలోకి చేరే నీరు ఎంత దూరం తీసుకుపోతుందో ఈ ఊరికి బాగా తెలుసు. హుద్‌హుద్ తుపాను వచ్చిపోయి నెల కూడా కాలేదు. 2014 నవంబరు 6 రాత్రి, విన్యాసాల్లో వదిలిన టార్పెడోలను ఏరి తెచ్చే నౌకాదళ నౌక టీఆర్‌వీ ఏ-72 విశాఖకు తిరిగి వస్తోంది. 1983లో కట్టిన చిన్న నౌక. అందులో 28 మంది ఉన్నారు. ఒక గదిలోకి నీరు చేరింది, నౌక ఒరిగి మునిగిపోయింది. 23 మందిని కాపాడారు. ఒకరి మృతదేహం దొరికింది, నలుగురి జాడ తెలియలేదు. శిక్షణ పొందిన సిబ్బంది, నౌకాదళ స్థావరం పెద్ద దూరమేమీ కాదు, అయినా అంత జరిగింది.

తెరచాప పడవల వైపు చూస్తే మనకు గర్వపడే కథ ఉంది. 56 అడుగుల ఐఎన్ఎస్‌వీ తారిణిలో ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి భూమిని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు, మొత్తం 254 రోజులు. నాయకురాలు వర్తికా జోషి. మన తెలుగు వాళ్ళు ఇద్దరు: విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బి. ఐశ్వర్య. తారిణి ఒళ్ళు ఏమిటంటే మధ్యలో కలప, రెండు వైపులా ఫైబర్. మన హార్బరులో పాత బోటుకు ఫైబర్ తొడిగే ఆలోచనే, కాకపోతే పొడి కలపతో, కొలతతో, మొదటి నుంచీ చేసింది. పసిఫిక్ దక్షిణాన 60 నాట్లకు పైబడిన గాలినీ, ఏడు మీటర్ల కెరటాలనూ ఆ ఒళ్ళు తట్టుకుంది. చివరికి వాళ్ళను మారిషస్‌లో ఆపింది చుక్కాని యంత్రాంగంలో వచ్చిన లోపం. పడవల్లో అమరం వైపే, అంటే చుక్కానీ షాఫ్టూ ఉన్న వెనుక భాగమే ఎప్పుడూ బలహీనం. 2022లో గోల్డెన్ గ్లోబ్ అనే తెరచాప పందెంలో టాపియో లేహ్టినెన్ పడవ ఆస్టేరియా దక్షిణాఫ్రికాకు ఆగ్నేయంగా మునిగింది. వెనుక నుంచి నీరు పొంగి దాదాపు ఐదు నిమిషాల్లో డెక్ దాకా వచ్చింది. కారణం తేలలేదు. ఆయన ప్రాణరక్షక తెప్పలోకి దూకి ఒక రోజు గడిపాక, అదే పందెంలో ఉన్న కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్ వచ్చి కాపాడింది. ఆ పందెం ఆమే గెలిచింది, మన అభిలాష్ టామీ రెండో స్థానంలో వచ్చాడు. 2014 మే నెలలో అట్లాంటిక్‌లో చీకీ రఫీకీ అనే పడవకు అడుగునున్న బరువైన కీల్ ఊడిపోయి నలుగురూ చనిపోయారు. కీల్ బోల్టుల దగ్గర సన్నగా కారే నీటిని ఎవరూ "కొంచెమే కదా" అనకూడదని ఆ తర్వాతే ప్రపంచమంతా గట్టిగా చెప్పుకోవడం మొదలైంది.

ఇన్ని చెప్పాక చప్పటి నిజం ఒకటి. ఎక్కువ పడవలు తుపానులో మునగవు, కట్టేసి ఉన్నచోటే మునుగుతాయి. అమెరికా బోట్ల బీమా అనుభవం చెప్పేది ఇదే, మన హార్బరులోనూ అదే కథ. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్న సామెత బోటు విషయంలో అక్షరాలా నిజం. వేటకు వెళ్ళినప్పుడు పది కళ్ళు అడుగునీటి మీదే ఉంటాయి. జెట్టీకి కట్టాక ఒక్క కన్నూ ఉండదు. గ్లాండు చుక్కా చుక్కా కారుతుంది. ఆటోమేటిక్ స్విచ్ దాన్ని తోడుతుంది. యజమాని పది రోజులు రాడు. బ్యాటరీ దిగిపోతుంది. ఆ రోజు నుంచి చుక్కకు అడ్డు లేదు. వర్షం సంగతీ చూడండి. పది మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న తెరిచిన పడవ మీద ఒక రాత్రి పది సెంటీమీటర్ల వాన పడితే లోపల చేరేది మూడు టన్నుల నీరు. డెక్ మీద నీరు పోయే గొట్టంలో ఒక ప్లాస్టిక్ సంచి అడ్డం పడితే చాలు.

అడుగునీరు కనిపిస్తే ముందు చేయాల్సింది పంపు వేయడం కాదు, వేలు ముంచి నాలుక మీద పెట్టుకోవడం. ఉప్పగా ఉంటే సముద్రం వస్తోంది. చప్పగా ఉంటే వాననీరో, తాగునీటి ట్యాంకో. సబ్బు వాసన ఉంటే సింకు గొట్టం. వేటబోటులో దీనికో చిక్కు ఉంది: చేపల గదిలోంచి కరిగిన ఐసు నీరు కూడా అడుగుకే చేరుతుంది, చప్పగా, చల్లగా, చేపల వాసనతో. అది ఎక్కువున్న రోజు అసలు కారుడు దాని మాటున దాక్కుంటుంది. అందుకే నీరు తోడాక శుభ్రంగా తుడిచి, అరగంట తర్వాత మళ్ళీ చూడాలి. పొడి బిల్జిలో, అంటే పడవ అడుగు గుంటలో, కొత్తగా చేరే నీటి దారి కంటికి కనిపిస్తుంది. ఎప్పుడూ తడిగా ఉండే బిల్జిలో ఏదీ కనిపించదు. బోటుకు ఖరీదైన అలారం కొనేముందు ఈ అలవాటు చేసుకోమంటాను.

ఈసారి జూన్ 14కు ముందు బోటు నీళ్ళలోకి దింపేవాళ్ళు ఇంకొక్క పని చేయండి. మీ వడ్రంగి దగ్గర మిగిలిన మెత్తటి కలప ముక్కలు అడిగి తెచ్చుకుని, కొసకు సన్నబడేలా బిరడాలుగా చెక్కించండి. నీటిమట్టం కింద ఉన్న ప్రతి రంధ్రం పక్కనా ఒకటి, దాని కొలతకు సరిపోయేది, సన్నతాడుతో వాల్వుకే కట్టి ఉంచండి. పెట్టెలో దాచకండి, చీకట్లో పెట్టె దొరకదు.